బడికి మార్కులెవరు వేస్తారు?

2023 మే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే యాంగోన్ నుంచి ఫోను. పజుండౌంగ్‌లో ఉండే మా పెదనాన్నగారి మనవడు, వరసకు నాకు కొడుకు. కుశల ప్రశ్నలయ్యాక అసలు సంగతికి వచ్చాడు.

"బాబాయ్, పిల్లాడికి ఐదేళ్ళు నిండాయి. జూన్‌లో బళ్ళు తెరుస్తారు. ఎక్కడ వెయ్యమంటావు?"

వాడి దగ్గర ఒక జాబితా ఉంది. మొదటిది పక్క టౌన్‌షిప్‌లోని బోటటౌంగ్ ఆరో నంబరు. ఒకప్పటి సెయింట్ పాల్స్ అది. మిషనరీల కాలం నుంచీ పేరున్న బడి, సీటు దొరకడం కష్టం. రెండోది ఒక ప్రైవేటు బడి. ఏసీ గదులు, ఇంగ్లీషు, బస్సు, దానికి తగ్గ ఫీజు. మూడోది వాళ్ళ వీధి చివర ఉన్న ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల.

"ఆ మూడోది ఎలా ఉంటుందిరా?" అన్నాను.

"గవర్నమెంటు బడి కదా బాబాయ్, గవర్నమెంటు బడి లాగే ఉంటుంది" అన్నాడు. లోపలికి వెళ్ళి చూశావా అంటే, లేదన్నాడు.

నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఇరవయ్యేళ్ళ కిందట అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు నేను చేసిందీ అదే. ఏ వీధి బడికి పదికి ఎన్ని మార్కులొచ్చాయో ఇంటర్నెట్లో చూసి, తొమ్మిదున్న చోట అప్పు చేసి ఇల్లు కొన్నాను. ఆరున్న బడి గుమ్మం కూడా తొక్కలేదు. ఈ సంచిక చదివే మీలో చాలామంది అదే పని చేసి ఉంటారు. కాబట్టి ఈ వ్యాసంలో విమర్శ పజుండౌంగ్ బడి మీద కాదు. బడులకు మనం మార్కులు వేసే పద్ధతి మీద.

రంగం పోయినవాళ్ళ బడి

పజుండౌంగ్ అంటే తెలియనివారికి రెండు మాటలు. యాంగోన్ నగరానికి తూర్పు పక్కన పజుండౌంగ్ వాగు ఉంది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఆ వాగు ఒడ్డున వరసగా బియ్యం మిల్లులు వెలిశాయి. ఆ మిల్లుల్లోనూ, రేవులోనూ బస్తాలు మోసినవాళ్ళలో ఎక్కువమంది మన శ్రీకాకుళం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల జనం. ఊళ్ళో "రంగం పోయాడు" అనేవారు. కోరంగి రేవు నుంచి ఓడ ఎక్కేవారు కనుక అక్కడ మనకు "కోరంగీలు" అని పేరు. 1931 జనాభా లెక్కల్లో రంగూన్ నగరంలో సగానికి పైగా భారతీయులే. దానికి ముందు ఏడాది మే నెలలో రేవు కూలి విషయంలో బర్మీయులకూ తెలుగు కూలీలకూ మధ్య రేగిన అల్లర్లలో ఎన్ని ప్రాణాలు పోయాయో మా ముసలివాళ్ళు కథలుగా చెప్పేవారు. 1942లో జపాను బాంబులకు కొందరు నడిచి వెళ్ళిపోయారు. 1964లో దుకాణాలను జాతీయం చేశాక మరిన్ని లక్షల మంది భారతీయులు వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళం మిగిలాం.

మిగిలినవాళ్ళకు బడి అంటే ఏమిటి? 1965లో ప్రైవేటు బళ్ళు కూడా జాతీయమయ్యాయి. ఆ తర్వాత 2011లో ప్రైవేటు బళ్ళకు చట్టం వచ్చేదాకా మామూలు కుటుంబానికి సర్కారు బడే దిక్కు. లేదంటే బౌద్ధ మఠాల బళ్ళు. పాఠం బర్మీస్‌లో. ఇంట్లో తెలుగు. ఇంటికీ బడికీ మధ్య వంతెన ఎవరూ కట్టలేదు, ఐదేళ్ళ పిల్లాడే కట్టుకోవాలి. 1982 పౌరసత్వ చట్టం తర్వాత కార్డు రంగును బట్టి మనిషి స్థాయి మారే దేశంలో, బర్మీస్ తడబడకుండా చదవడం రాయడం రావడమనేది చదువు సంగతి మాత్రమే కాదు, బతుకు సంగతి.

మూడు కొలతలు, మూడు లోపాలు

ఇప్పుడు మావాడి జాబితా దగ్గరికి వద్దాం. పేరున్న బడికి ఆ పేరు ఎలా వచ్చింది? మెట్రిక్ ఫలితాల వల్ల. ఎంతమందికి ఎన్ని "డి"లు, అంటే డిస్టింక్షన్లు, వచ్చాయన్నదే కొలత. నేను ఆ ఫలితాలను చులకన చెయ్యను. ఆరు డిలు తెచ్చుకున్న పిల్ల డాక్టరు చదువుకు వెళితే ఆ ఇల్లు మూడు తరాల బస్తాల బరువు దించుకున్నట్టే. కానీ మెట్రిక్ ఫలితం చెప్పేది బడి చదువు ముగించే పెద్ద పిల్లల గురించి, వాళ్ళకు సాయంత్రాలు చెప్పిన ట్యూషన్ మాస్టర్ల గురించి. ఐదేళ్ళవాడికి అక్షరాలు నేర్పే గదిలో ఏం జరుగుతోందో అది చెప్పదు. పైగా బాగా చదివే పిల్లలను, చదివించగల ఇళ్ళ పిల్లలను ముందే ఏరి చేర్చుకున్న బడికి మంచి ఫలితాలు రావడంలో వింతేముంది? గోదావరి గట్టు మీద నాటిన కొబ్బరి చెట్టు కాసిందని తోటమాలిని మెచ్చుకున్నట్టు ఉంటుంది.

రెండో కొలత, పిల్లవాడి పాస్ కార్డు. బర్మాలో 1990ల చివర నుంచి ప్రాథమిక తరగతుల్లో దాదాపు అందరినీ పై తరగతికి పంపే పద్ధతి వచ్చింది. పిల్లలు బడి మానకుండా ఉండాలనే ఉద్దేశం మంచిదే. కానీ పాస్ అయ్యాడన్న మాటకు చదవడం వచ్చిందన్న అర్థం లేకుండా పోయింది. 2019లో ఆగ్నేయాసియాలోని ఆరు దేశాల ఐదో తరగతి పిల్లలకు ఒకే రకమైన పరీక్ష పెట్టారు. ప్రాథమిక విద్య ముగించే పిల్లలకు రావలసినంత చదవడం వచ్చినవారు వియత్నాంలో నూటికి 82 మంది. మయన్మార్‌లో 11 మంది. ఆ మిగిలిన 89 మందిలో ఎక్కువమంది చేతుల్లోనూ పాస్ కార్డులే ఉన్నాయి.

మూడో కొలత, గోడలూ బల్లలూ యూనిఫారమూ. తెల్ల చొక్కా, ఆకుపచ్చ లుంగీ మెరిసిపోతూ ఉంటే మనకు ముచ్చట. వాన పడితే కారని కప్పు, ఆడపిల్లలకు మరుగుదొడ్డి తప్పకుండా కావాలి. అవి లేని బడిని బాగుందనకూడదు. కానీ అవి ఉన్నంత మాత్రాన పాఠం ఉన్నట్టు కాదు.

ఈ మూడింటిలోనూ ఒకటే లోపం. పిల్లాడు ఎక్కడ బయలుదేరాడో అడగకుండా ఎక్కడ చేరాడో మాత్రమే చూస్తాయి. అమెరికాలో ఇదే తప్పును సరిదిద్దిన ఒక ఉదాహరణ ఉంది. షికాగో ప్రభుత్వ బళ్ళంటే మనవాళ్ళు ఆమడ దూరం పరిగెడతారు. సగటు మార్కులు తక్కువ. స్టాన్‌ఫర్డ్‌లో షాన్ రియర్డన్ అనే ఆచార్యుడు సగటును పక్కనబెట్టి, మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు ఎంత ఎదిగారో లెక్కవేశాడు. 2017లో బయటికొచ్చిన ఆ లెక్క ప్రకారం షికాగో పిల్లలు ఐదేళ్ళలో ఆరేళ్ళ చదువు నేర్చుకుంటున్నారు. నేను తొమ్మిది మార్కులకు అప్పు చేసిన బడి ఐదేళ్ళలో ఎన్నేళ్ళు నేర్పిందో నాకు ఇవాళ్టికీ తెలియదు. అడగాలని తోచనే లేదు.

మా తమ్ముడి కథ

ఇక్కడ నా సొంత సంగతి ఒకటి చెప్పాలి. 1970లలో నేనూ మా తమ్ముడూ పజుండౌంగ్‌లో ఒకే ప్రాథమిక పాఠశాలలో చదివాం. దాని పేరు అక్కర్లేదు.

మా నాయనమ్మ బడికి పోకముందే మాకు ఇసకలో వర్గాలు దిద్దించింది. క ఖ గ ఘ ఙ. బర్మీస్ అక్షరాలు కూడా అదే వరసలో ఉంటాయి, ఐదైదు చొప్పున. రెండు లిపులూ గుండ్రనివే, రెండింటి మూలమూ బ్రాహ్మి. కాబట్టి నాయనమ్మ దగ్గర నేర్చినవాడికి బర్మీస్ అక్షరాల బల్ల సగం తెలిసినట్టే. అయితే రాతకూ పలుకుకూ అక్కడ చాలా దూరం. "చ" ఉన్న చోట "స" అంటారు. "ర" రాసి చాలా చోట్ల "య" అంటారు. మన "ఆచార్య" అక్కడికి వెళ్ళి "సయా" అయింది. పంతులమ్మను పిలిచే "సయామా" కూడా అందులోంచి వచ్చినదే.

మా తమ్ముడు తరగతిలో ఊరి పేరు చదవాల్సి వచ్చింది. అక్షరాలు కూడబలుక్కుని "రన్‌కున్" అని చదివాడు. రాసి ఉన్నది అక్షరాలా అదే! కానీ పలకవలసింది "యాంగోన్". తరగతి అంతా గొల్లుమంది. సయామా కూడా నవ్వింది. అప్పటి నుంచి వాడు నోరు విప్పడం మానేశాడు. చివరి బెంచీకి చేరాడు. అందరూ కోరస్‌గా వల్లె వేసేటప్పుడు పెదవులు కదిపేవాడు, అంతే. రెండేళ్ళకు "వీడికి బుర్ర లేదు" అని ఇంటికి కబురొచ్చింది. మా నాన్న నమ్మాడు. నాలుగో తరగతితో వాడి చదువు ఆగిపోయింది.

అదే బడిలో నాకు దొరికిన సయామా వేరు. నేనూ ఇలాంటి తప్పే చదివితే ఆవిడ నవ్వలేదు. "అక్షరం సరిగ్గానే చూశావు. ఈ అక్షరానికి మీ ఇంట్లో ఒక పలుకు, మా ఇంట్లో ఒక పలుకు. రెండూ గుర్తుపెట్టుకో" అంది. ఆ ఒక్క వాక్యం మీద నేను ఇంత దూరం వచ్చాను.

ఒకే బడి, ఒకే గోడలు, ఒకే పుస్తకం. ఆ బడికి పదికి ఎన్ని మార్కులు వెయ్యాలో ఎవరైనా చెప్పగలరా? నా గదికి తొమ్మిది వెయ్యొచ్చు. మా తమ్ముడి గదికి సున్నా. రెండూ కలిపి సగటు తీస్తే నాలుగున్నర. ఆ నాలుగున్నర ఇద్దరిలో ఎవరి నిజమూ కాదు.

ఇది బర్మాలో మాత్రమే జరిగే కథ కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకు వాళ్ళ మాటల్లోనే చదువు చెప్పించడానికి పూనుకున్నారు. పంతులుగారంటే మనకు వ్యావహారిక భాషోద్యమం గుర్తొస్తుంది. కానీ అసలు ప్రశ్న ఒకటే: పిల్లవాడు ఇంటి నుంచి తెచ్చుకున్న మాటను బడి ఏం చేస్తుంది? 2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కోయ, గోండీ లాంటి ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక పాఠాలు మొదలుపెట్టిందంటే, ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి మనకు అంత కాలం పట్టిందన్నమాట. మన గడ్డ మీద సవర పిల్లాడి విషయంలో మనం చేసినదే పజుండౌంగ్‌లో మా తమ్ముడికి జరిగింది. కాబట్టి బర్మా వాళ్ళను తిట్టే అర్హత మనకు అంతగా లేదు.

మరి ఎలా చూడాలి?

మావాడికి నేను చెప్పినవి మీకూ చెబుతాను. ఖర్చు లేని పనులే.

ఒకటి. ఆ బడిలో మూడో తరగతి చదివే పక్కింటి పిల్లనో పిల్లాడినో పిలిచి, వాళ్ళ పాఠ్యపుస్తకంలో లేని నాలుగు వాక్యాలు చదివించు. భారతదేశంలో ప్రథమ్ సంస్థ 2005 నుంచి "అసర్" సర్వేలో దాదాపు ఇదే చేస్తోంది. ఇంటికి వెళ్ళి, రెండో తరగతి స్థాయి కథ ఒకటి చేతికిచ్చి చదవమంటారు. చదివాక ఏం అర్థమైందో సొంత మాటల్లో చెప్పమను. పుస్తకంలోని పాఠం వద్దు, అది కంఠతా వచ్చి ఉంటుంది.

రెండు. ఆ పిల్ల ట్యూషన్‌కు వెళుతుందేమో కనుక్కో. వెళితే ఆ ఘనతలో బడి వాటా ఎంతో విడిగా ఆలోచించుకో.

మూడు. బాగా చదివే పిల్లల గురించి అడగకు. తరగతిలో అందరికంటే వెనక ఉన్న పిల్ల జూన్‌లో ఎలా ఉంది, ఫిబ్రవరికి ఎలా ఉంది అని అడుగు. ఆ ప్రశ్నకు జవాబు వెంటనే చెప్పగల సయామా ఉంటే, కప్పు కారినా సరే, ఆ గదిలో పిల్లాడిని కూర్చోబెట్టు.

ఇంకో సంగతి ఉంది. అది చెప్పకపోతే నేను దూరాన కూర్చుని నీతులు చెప్పినట్టవుతుంది. 2021 ఫిబ్రవరి 1న సైన్యం అధికారం చేజిక్కించుకున్నాక వేలాది మంది ఉపాధ్యాయులు విధులు మానేశారు. ఆ మే నెలాఖరుకు లక్షా పాతిక వేల మందికి పైగా సస్పెండ్ అయ్యారని ఉపాధ్యాయుల సమాఖ్య చెప్పింది. జూన్‌లో బళ్ళు తెరిస్తే పంపాలా వద్దా అన్నది చాలా ఇళ్ళలో చదువు ప్రశ్నగా కాక మనస్సాక్షి ప్రశ్నగా మారింది. పంపినవాళ్ళనూ పంపనివాళ్ళనూ తప్పుపట్టే హక్కు ఇక్కడి నుంచి నాకు లేదు. ఒక్కటి మాత్రం అనగలను. మంచి సయామా వెళ్ళిపోయిన గదికి పాత పేరు మిగిలే ఉంటుంది. అందుకే పేరును చూడకు, ఇవాళ ఆ గదిలో ఎవరున్నారో చూడు.

ఫోను పెట్టేశాక నాకొక ఆలోచన వచ్చింది. ఇన్ని సలహాలిచ్చాను, అసలు అడగవలసినవాణ్ణి అడగలేదు. మా తమ్ముడు ఇంకా పజుండౌంగ్‌లోనే ఉన్నాడు. చిన్న టీ కొట్టు. ఖాతాలన్నీ నోటిలెక్కే, కాగితం ముట్టడు, పైసా తేడా రాదు. బుర్ర లేనివాడు మరి! వాడికి ఫోన్ చేసి సంగతి చెప్పి, నువ్వేమంటావురా అని అడిగాను.

కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత మా నాయనమ్మ యాసలో, ఆవిడ పోయి ముప్పయ్యేళ్ళయినా వాడి నోట చెక్కుచెదరని ఆ యాసలో, అన్నాడు:

"ఏ బడైతే ఏటన్నా. గుంటడు తప్పు సదివితే ఆ పంతులమ్మ ఏటి సేస్తాదో సూసి రమ్మను. అంతే."