జూబిలీ పుస్తకంలో మన తాతలెక్కడ?

ఒంగోలు చుట్టుపక్కల మాదిగపల్లెల్లో సంఘాలు నూరేళ్ల పండగలు, నూటయాభై ఏళ్ల పండగలు చేసుకుంటున్నాయి. షామియానా, ఊరేగింపు, కూడిక, భోజనాలు, చివరగా ఒక జూబిలీ పుస్తకం. పండగను తప్పుబట్టడానికి మేమిది రాయడంలేదు. ఆ పల్లెల్లోనే మేం పుట్టాం. మిషను బడిలోనే మా ఇంటికి మొదటి అక్షరం వచ్చింది. మా తగవల్లా పుస్తకంతోనే.

ఈ పుస్తకాలన్నిటిదీ ఒకటే వరస. ముందు దొర ఫొటో, తర్వాత పాస్టర్ల జాబితా, ఆపైన చందాలిచ్చినవాళ్లు, శుభాకాంక్షలు పంపిన నాయకులు. చీకట్లో ఉన్న మనకి దొర వెలుగు తెచ్చాడు, ఇదీ కథ. ఇందులో మన తాతలు చేసిన పనల్లా తలొంచి నీళ్లలో దిగడమే!

జరిగింది అది కాదు. జాన్ క్లౌ ఒంగోలు చేరింది 1866లో. అదే ఏడు బాప్తిస్మం తీసుకున్న ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ. అంతకు ముందే రాజయోగం దారిలో వెతుకులాడినవాడు. అంటే ప్రశ్న ఆయనది, దొర దగ్గర దొరికింది ఒక జవాబు. పల్లె పల్లె తిరిగి చుట్టాలకు చెప్పింది కూడా ఆయనే, ఆయనలాంటివాళ్లే.

1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పని మూడున్నర మైళ్లు క్లౌ గుత్తకు తీసుకున్నాడు. కూటి కోసం మతంలో చేరారనే మాట రాకుండా కరువు సాయం నడిచినన్నాళ్లు బాప్తిస్మాలు ఆపాడు. ఆ తర్వాతే, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగారు. నీళ్లలో నిలబడి బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు, ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు వంతులేసుకుని. ఆ ఆరుగురి ఫొటోలు లేకపోతే పోనీ, పేర్లన్నా ఏవీ?

చచ్చిన గొడ్డు మాంసం తినం, ఆదివారం పనికి రాం అన్నందుకు మన తాతలు ఊరి పెద్దల కోపానికి గురయ్యారు. పుస్తకాలు దీన్ని భక్తి కింద రాస్తాయి. వెట్టి మీద సమ్మె కింద ఎందుకు చదవకూడదు?

మా వూరి పండగప్పుడు పాత బాప్తిస్మ రిజిస్టరు చూపించమని అడిగాం. మా అవ్వ పేరు ఎక్కిన మొదటి కాగితం అదే. ఒక సంఘపెద్ద అన్నాడు: 'ఆ పేర్లన్నీ అచ్చేస్తే మన పిల్లకాయల సర్టిఫికెట్లు ఏం గావాలబ్బాయ్?'

మేం నోరు మూసుకున్నాం. ఆ భయం వట్టిది కాదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. చేర్చమన్న రంగనాథ్ మిశ్రా కమిషన్ నివేదిక 2007 నాటిది. మతం మారినా పల్లె మారలేదు, ఊరు చూసే చూపు మారలేదు. మారింది సర్టిఫికెట్ ఒక్కటే. మన వంశచరిత్రే మన మీద సాక్ష్యమయ్యాక, దొర చరిత్ర రాసుకోవడమే క్షేమం అనిపించడంలో వింతేముంది?

కాబట్టి పుస్తకం రాసినవాళ్లను తిట్టి లాభంలేదు. బతికున్నవాళ్ల పేర్ల జోలికి పోకుండానే పేరయ్యను, ఆ ఆరుగురిని, ఆదివారం పని మానినవాళ్లను రాయొచ్చు. ముసలివాళ్లు పోకముందే వాళ్ల మాటలు రాసుకోవచ్చు. ఇక వేదిక మీద శాలువాలు కప్పించుకునే నాయకులున్నారు గదా! శుభాకాంక్షలు చాలు, 1950 ఉత్తర్వు సంగతేంటి అని అక్కడే అడగాలి. అడిగిన మాట, వాళ్లు చెప్పిన జవాబు, రెండూ వచ్చే జూబిలీ పుస్తకంలో మొదటి పేజీన అచ్చు వెయ్యాలి.