తెరల సముద్రం మీద ఆర్థర్ రాజు

జూలియా మార్గరెట్ కామెరాన్ తీసిన ‘ఆర్థర్ నిష్క్రమణ’ ఫొటోలో నీళ్లు నీళ్లు కావు, తెల్లటి మస్లిన్ తెరలు. చంద్రుణ్ణి నెగెటివ్ మీద గీసి తెచ్చారు. ఇదంతా చూడగానే తెలిసిపోతుంది. అయినా ఆవిడ ఫొటోల్లో నాకు బాగా ఇష్టమైన వాటిలో ఇదొకటి.

కలకత్తాలో 1815లో పుట్టిన కామెరాన్ చేతికి కెమెరా వచ్చింది 1863 చివర్లో, 48 ఏళ్ల వయసులో. కూతురూ అల్లుడూ ఇచ్చిన కానుక అది. అప్పటికి ఇంగ్లండ్‌లోని వైట్ దీవిలో, ఫ్రెష్‌వాటర్‌లో ఉంటున్నారు. కోళ్ల షెడ్డు స్టూడియో అయింది, బొగ్గుల గది డార్క్‌రూమ్ అయింది. పొరుగునే ఉండే కవి టెన్నిసన్, బ్రిటన్ పురాణగాథల రాజు ఆర్థర్ మీద తాను రాసిన కావ్యానికి బొమ్మలు కావాలని 1874లో అడిగారు.

వేషాలు కట్టింది ఇంట్లోవాళ్లు, ఊళ్లోవాళ్లే. ఆ గాథల్లోని మాంత్రికుడు మెర్లిన్‌గా ఆవిడ భర్త. ఆయనకు నవ్వు ఆగేది కాదట, ఫొటో ప్లేట్లు పాడయ్యేవట. ఆర్థర్ రాజేమో దగ్గర్లోని యార్మత్ రేవులో మూటలు మోసే పోర్టరు!

అప్పటి పద్ధతిలో గాజు పలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రావణం పోసి, వెండి ద్రావణంలో ముంచి, తడి ఆరకముందే ఫొటో తీసి కడగాలి. ఒక్కో ఫొటోకు నిమిషాల తరబడి కదలకుండా ఉండాలి. అంతసేపు రాజఠీవి నటించడం ఎవరి తరం? కాసేపటికి నటన జారిపోతుంది, అలసిన మనిషి బయటికొస్తాడు. చివరి యుద్ధంలో గాయపడి నిష్క్రమిస్తున్న రాజుకు కావలసిన ముఖం సరిగ్గా అదే. ఫోకస్ కుదరలేదని అప్పటి ఫొటోగ్రాఫర్లు ఆవిడను తప్పుబట్టారు. ఆ మసకలోనే ఊపిరి తెలుస్తుందని నా నమ్మకం.

కృష్ణాష్టమికి వేషం కట్టిన పిల్లల్ని ఫొటో తీసేటప్పుడు నేను పాటించేది ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. నవ్వమని చెప్పను. పిల్లాడు కెమెరాను మరిచిపోయేదాకా ఆగుతాను. అప్పుడు పింఛం కింద వాడి సొంత ముఖం కనిపిస్తుంది.

టెన్నిసన్ పుస్తకంలో కామెరాన్ తీసిన ఆర్థర్ గాథల ఫొటోలు చిన్న చెక్కబ్లాకు బొమ్మలుగా కుదించుకుపోయాయి. ఆవిడకు అది నచ్చలేదు. పెద్ద సైజు ప్రింట్లతో రెండు సంపుటాలు సొంతంగా వెలువరించి, 1875లో సిలోన్‌కు వెళ్లిపోయారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆవిడ ఫొటోలను ఆన్‌లైన్‌లో ఉంచింది. చూసేటప్పుడు ఆవిడ కోరినట్టే పెద్దవి చేసి చూడండి.