గుట్టు ఖరీదు

టేలర్ జెంకిన్స్ రీడ్ 2017లో ప్రచురించిన ‘ది సెవెన్ హస్బెండ్స్ ఆఫ్ ఎవెలిన్ హ్యూగో’ నవలను తూంకుంటలో నేనెరిగిన విద్యార్థినులు చేతులు మార్చుకుంటూ చదువుతున్నారు. అదొక కాలక్షేపపు పుస్తకమని పెద్దలు తోసిపుచ్చుతారు. గొప్ప ప్రేమకథ అని పిల్లలు మురిసిపోతారు. ఈ రెండు అభిప్రాయాలూ నవల ఆయువుపట్టును తాకలేదని నా ఉద్దేశం. ప్రేమను దాచటానికి ఎంత ఖర్చయింది, ఆ ఖర్చును ఎవరు భరించారు అనేదే ఇందులోని అసలు ప్రశ్న.

స్త్రీని ప్రేమించిన స్త్రీ కథ అభ్యుదయ విమర్శకు పట్టని వస్తువని ఎవరైనా అంటే, వారికి ఇస్మత్ చుగ్తాయ్‌ని గుర్తు చెయ్యాలి. 1942లో వెలువడిన ‘లిహాఫ్’ కథకుగాను ఆమె లాహోరు కోర్టులో అశ్లీలత నేరారోపణ ఎదుర్కొన్నది. అభ్యుదయ రచయితల ఉద్యమంలోని మనిషే ఆమె. కనుక ఈ చర్చ మన ఇంటికి కొత్తది కాదు.

నవల ఇతివృత్తం ఇది. న్యూయార్కు పేదవాడలో క్యూబా సంతతి ఇంట పుట్టిన ఎవెలిన్, హాలీవుడ్ చేరటానికే చిన్నతనంలో ఒకణ్ణి పెళ్లాడుతుంది. స్టూడియో ఆమె పేరు మారుస్తుంది, జుట్టు రంగు మారుస్తుంది, పుట్టుకను మరిపిస్తుంది. తోటి నటి సీలియా సెయింట్ జేమ్స్‌ను ఆమె ప్రాణంగా ప్రేమిస్తుంది. ఏడు పెళ్లిళ్లలో కొన్ని ఆ ప్రేమకు అడ్డంగా కట్టిన తెరలు. పుకారు చల్లార్చటానికి ఒక గాయకుణ్ణి పెళ్లాడుతుంది. సినిమా ప్రచారం కోసం ఒక సహనటుణ్ణి పెళ్లాడుతుంది. నిర్మాత హ్యారీ ఆమెకు లోకం కోసం భర్త. అతని ప్రియుడు జాన్ సీలియాకు లోకం కోసం భర్త.

ఇది రచయిత్రి అల్లిన వింత కాదు. 1934 నుంచి 1968 దాకా అమెరికన్ సినిమాను శాసించిన హేస్ నిబంధనావళి ఇలాంటి ప్రేమలను తెరమీద సూచనగానైనా రానివ్వలేదు. 1961లో మాత్రం కొంత సడలించింది. తెర వెనుక బతుకును కట్టడి చెయ్యటానికి ఒప్పంద పత్రాల్లో నీతి షరతులుండేవి. ఎం.జి.ఎం. తార విలియం హేన్స్ తన సహచరుణ్ణి విడిచి బూటకపు పెళ్లికి ఒప్పుకోలేదు. 1930ల తొలి సంవత్సరాల్లో తారాపదవి పోయింది, ఇళ్ల అలంకరణ వృత్తిలో బతికాడు. రాక్ హడ్సన్ 1955లో పెళ్లి చేసుకున్నాడు, 1958లో విడాకులయ్యాయి. గుట్టు అంటే సిగ్గు మాత్రమే అనుకునే పాఠకునికి, అది కూలి ఒప్పందంలోని ఒక షరతు అని ఈ నవల చూపిస్తుంది. దాని బలమిదే.

పెళ్లి బేరమని తెలుగు పాఠకునికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. ‘కన్యాశుల్కం’లో గురజాడ ఆ బేరాన్ని బయటపెట్టాడు. ఆ బేరాల గుట్టు తెలిసిన మధురవాణి చివరకు తన తెలివిని మరొకరి మేలుకు వెచ్చించింది. ఎవెలిన్‌కూ అంత తెలివే ఉంది. దాన్ని ఆమె ఎక్కడ వెచ్చించిందో చూడాలి.

ఒక రాత్రి హ్యారీ తాగి కారు నడిపి ప్రమాదంలో పడతాడు. పక్కనున్న అతని ప్రియుడు, జేమ్స్ గ్రాంట్ అనే నల్లజాతివాడు, అప్పటికే మరణించాడు. హ్యారీ పేరు కాపాడటానికి ఎవెలిన్ ఆ శవాన్ని చోదకుని స్థానంలో కూర్చోబెడుతుంది. చూసిన తన డ్రైవరు నోరు కొంటుంది. తండ్రే తాగి నడిపి చచ్చాడన్న అబద్ధంతో అతని కూతురు మోనీక్ పెరుగుతుంది. ఏళ్ల తరువాత ఎవెలిన్ తన కథ చెప్పేది ఆ మోనీక్‌కే. ఇంటి గుట్టు లంకకు చేటన్నారు. ఇక్కడ గుట్టు బయటపడలేదు, చేటు మాత్రం పరాయి ఇంటికి పోయింది.

ఈ ఘట్టం నవలలో అన్నిటికన్నా నిజమైనది. రచయిత్రి ధైర్యం ఇక్కడే కనిపిస్తుంది. ఆమె తడబాటు కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. ఎవెలిన్ ఒప్పుకుంటుంది గాని, తనకు నచ్చిన వేళ, నచ్చిన తీరున ఒప్పుకుంటుంది. జేమ్స్‌కు సొంత గొంతు దాదాపు లేదు. 1969లో స్టోన్‌వాల్ తిరుగుబాటు వార్త విన్నప్పుడు కూడా వీధిలోకి దిగటం కన్నా డబ్బు సాయమే మేలని ఆమె వాదిస్తుంది. వీధిలో దెబ్బలు తిన్నవారు మనకు పాత్రలుగా పరిచయం కారు. అణచబడిన మనిషే తనకన్న బలహీనుడి మీదికి భారం నెట్టగలడన్న కఠోర సత్యాన్ని చూపి, రచయిత్రి మళ్లీ తార వెలుగులోకే వెళ్లిపోయింది.

మనకు దీనితో పని లేదనుకోరాదు. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఈ ప్రేమ నేరం కాదన్నది. 2023 అక్టోబరు 17న పెళ్లి హక్కును మాత్రం గుర్తించలేదు. నేరం పోయింది, అద్దె ఇల్లు రాలేదు. కృష్ణానగర్‌లో పిలుపు కోసం కాచుకున్న జూనియర్ ఆర్టిస్టుకు ఏడుగురు భర్తలను తెరగా కట్టుకునే స్తోమత లేదు. తూంకుంటలో ఒకే గది వెతుక్కునే ఇద్దరమ్మాయిలు ఇంటి యజమానికి అక్కాచెల్లెళ్లమని చెప్పాలంటే, ఆ అబద్ధాన్ని రోజూ వాళ్లే మోయాలి.

మన విద్యార్థినులు ఈ నవలను తప్పక చదవాలి. ఎవెలిన్ కోసం కన్నీరు పెట్టుకోవటంలో తప్పు లేదు. అయితే పుస్తకం మూసేముందు జేమ్స్ గ్రాంట్ పేరు ఒకసారి తలచుకోండి. అతని కథ రాసే రచయిత్రి మీలోనే ఉండవచ్చు.