దూకి, ఆగి, కలిసి నడిచే తెరలు

నాలుగు తెరల మీద ఒకే వీడియో ఒకే క్షణాన ఆడాలంటే అన్నిటికీ ఒకేసారి మీట నొక్కితే చాలదు. ఒక్కో తెరను ఒక్కో కంప్యూటర్ నడిపిస్తుంది. ప్రతి కంప్యూటర్‌లోని కాలం లెక్కించే క్వార్ట్జ్ స్ఫటికానికి తనదైన వేగం ఉంటుంది. రెండింటి మధ్య 10 లక్షలకు 20 వంతుల తేడా ఉన్నా గంటకు 72 మిల్లీసెకన్లు పేరుకుంటాయి. సెకనుకు 25 ఫ్రేములు నడిచే వీడియోలో ఒక్కో ఫ్రేము నిలిచేది 40 మిల్లీసెకన్లే. పొద్దున కలిసి బయలుదేరిన తెరలు సాయంత్రానికి స్పష్టంగా విడిపోతాయి.

ఈ చిక్కు విప్పినవాటిలో నన్ను కట్టిపడేసింది ఓఎమ్ఎక్స్‌ప్లేయర్-సింక్. 2012లో వచ్చిన రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లో వీడియో ఆడించే ఓఎమ్ఎక్స్‌ప్లేయర్ కోసం సైమన్ జోసి పైథాన్‌లో రాసిన ప్రోగ్రామ్ ఇది. ఇందులో ఒక కంప్యూటర్ ముందు నడుస్తుంది. ఆడుతున్న ఫైలు పేరు, అందులో తాను చేరిన చోటు, ఈ రెండు ముక్కలే నెట్‌వర్క్ అంతటా యూడీపీ పద్ధతిలో చాటుతుంది. ఎవరు విన్నారో అడగదు. ఒక సందేశం దారిలో పోతే మళ్లీ పంపదు, ఎందుకంటే ఆ కబురు అప్పటికే పాతబడింది. ఐదో తెర చేర్చినా ముందు నడిచేదానిలో ఏమీ మార్చక్కర్లేదు.

అసలు పనితనం వినే కంప్యూటర్లలో ఉంది. ముందు నడిచేదానికీ తమకూ తేడా కనబడగానే అవి ఉలిక్కిపడవు. ఇటీవలి కొన్ని తేడాలను పోగుచేసి, వాటిలో నడిమిదాన్ని తీసుకుంటాయి. ఒక్క సందేశం ఆలస్యంగా వచ్చినంత మాత్రాన మోసపోవు. ఆ నడిమి విలువ హద్దు దాటితేనే కదులుతాయి. కదిలే తీరు మరీ అందం! ముందున్నదాన్ని వెంటాడవు. దానికన్నా ముందుకు దూకి, అక్కడ ఆగి, అది వచ్చి చేరగానే కలిసి నడుస్తాయి. ఫైలులో దూకడానికి ఎంతసేపు పడుతుందో ముందుగా చెప్పలేం. ఆగిన వీడియోను కదపడం మాత్రం క్షణంలో పని. నమ్మలేని పనిని ముందే ముగించుకోవడంలోనే ఉంది ఆ తెలివంతా.

1936లో రాజపాళయం మిల్స్ పుట్టినప్పటి నుంచి నూలుతో పెనవేసుకున్న మన రాజుల ఊరు రాజపాళయానికి ఇలాంటి దిద్దుబాటు కొత్త కాదు. నూలు మిల్లులో దూది పాయలను సాగదీసే డ్రా ఫ్రేమ్ మీది ఆటోలెవెలర్ కూడా లోపలికి వచ్చే దూది పాయ (స్లైవర్) మందం కొలిచి, యంత్రం నడుస్తుండగానే రోలర్ల వేగం సరిచేస్తుంది.

అయితే ఈ ప్రోగ్రామ్‌తో ఒకే బొమ్మను ముక్కలుచేసి పక్కపక్క తెరల్లో పరిస్తే, వేగంగా కదిలే దృశ్యంలో అతుకు బయటపడవచ్చు. ఫ్రేముకు ఫ్రేము కలిపే పని దీనిది కాదు. విడివిడి తెరలకు మాత్రం ఇది భేషుగ్గా సరిపోతుంది.

కొత్త రాస్‌ప్‌బెర్రీ పై వ్యవస్థల్లో ఓఎమ్ఎక్స్‌ప్లేయర్ ఇప్పుడు లేదు. సైమన్ జోసి రాసిన కోడ్ మాత్రం గిట్‌హబ్‌లో అందరికీ అందుబాటులో ఉంది. రామ్‌కో ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదివే పిల్లలారా, దాన్ని మొదటి వరుస నుంచి చివరిదాకా చదవండి. ఇప్పటి ప్లేయర్లకు తగ్గట్టు మీరే తిరగరాయండి.