వింగ్ చాటు గొంతు

నాటక పరిషత్తు పోటీల్లో గంటసేపు సాగే నాటిక చూసి నటులకు చప్పట్లు కొడతాం. సైడ్ వింగ్ చాటున స్క్రిప్టు పట్టుకుని నిలబడ్డ ప్రాంప్టర్ ఎవరి లెక్కలోనూ ఉండడు. గుంటూరు, తెనాలి వైపు నాటక సమాజాల్లో చాలామంది నటులు పగలు ఉద్యోగం చేసుకుని సాయంత్రం రిహార్సల్‌కి వచ్చేవాళ్లే. మాట తడబడటం మామూలే. అలాగని ప్రాంప్టర్ డైలాగు మొత్తం చదవడు. మొదటి రెండు మాటలు అందిస్తాడు, అదీ పైన వేలాడే మైకుకి చిక్కకుండా. అసలు పనితనం ఎప్పుడు ఊరుకోవాలో తెలియడంలో ఉంది. ఒక సీన్లో పొలం అమ్మేద్దాం నాన్నా అంటాడు కొడుకు. తండ్రి కండువా దులిపి భుజాన వేసుకుంటాడు, పలకడు. అది నటనా, మరుపా? రిహార్సల్లో ఆ తండ్రి ఎంతసేపు ఆగేవాడో, మాట మరిచిపోతే కళ్లు ఎటు తిప్పుతాడో ప్రాంప్టర్‌కి తెలుసు. తొందరపడి అందిస్తే సీను చచ్చిపోతుంది. ఆలస్యమైతే హాల్లో గుసగుసలు మొదలవుతాయి. ఇంకో నటుడు ఏకంగా పేజీ దాటేస్తే, కథ తెగకుండా ఎక్కడ కలపాలో అప్పటికప్పుడు వెతుక్కోవాలి. ఉత్తమ నటుడికి బహుమతి ఉంది, రంగాలంకరణకూ ఉంది. ఈయనకూ ఒకటి పెట్టొచ్చు గానీ, ఆ గొంతు న్యాయనిర్ణేతల చెవిన పడిందంటే ఆయన పని చెడినట్టే.