నిజాము కానుక విమానము: నమూనాలో నిజమెంత?

గుంతకల్లులో రైలింజను నమూనాను తప్పుగా చేసి తప్పించుకొనుట కష్టము. బ్రాడ్ గేజి, మీటరు గేజి దారులు చిరకాలము కలిసి నడిచిన కూడలి అది. పట్టాల నడుమ ఎడము మొదటిదానికి 1,676 మిల్లీమీటర్లు, రెండవదానికి 1,000 మిల్లీమీటర్లు. 1992లో ఏక గేజి పథకము మొదలైన తరువాత మీటరు గేజి దారులు క్రమంగా మారిపోయినవి గాని, ఆ తేడాను చూపుతోనే పట్టగల పెద్దలు రైల్వే ఇండ్లలో ఇంకా ఉన్నారు. 24వ వంతు నమూనాలో ఆ ఎడములు సుమారు 70, 42 మిల్లీమీటర్లు కావలె. మీటరు గేజి ఇంజనును పెద్ద పట్టాల మీద నిలబెడితే "ఇదేమి బండి సామీ?" అని అడుగువారుందురు.

విమానపు నమూనాకు ఈ కాపలా లేదు. అందులోను నూరేండ్లనాటి యుద్ధవిమానమైతే చూచినవారే ఉండరు. ఒకదానిపై ఒకటిగా రెండు జతల రెక్కలు, ముందొక పంకా, తోకమీద మూడు రంగులు ఉంటే పాఠశాల వైజ్ఞానిక ప్రదర్శనలో అందరూ చప్పట్లు కొట్టుదురు. అచ్చుపోసిన ముక్కల డబ్బా కొనక, కొయ్య, కాగితము, తీగ తెచ్చుకొని మొదటినుండి చేతితో కట్టిన విద్యార్థి శ్రమ మెచ్చుకొనదగినదే. కాని మెప్పు వేరు, పరీక్ష వేరు. ఎవరూ చూడని వస్తువుకు చేసిన నమూనాను మరింత గట్టిగా పరీక్షింపవలె. చూచినవారికి అదే అసలు వస్తువైపోవును గదా.

అట్టి పరీక్షకు తెలుగుదేశముతో సంబంధమున్న విమానమే ఒకటి దొరుకుచున్నది. 1918లో హైదరాబాదు నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఇచ్చిన ధనముతో బ్రిటిషు వైమానిక దళములో 110వ స్క్వాడ్రనుకు విమానాలు సమకూరినవి. ఆ స్క్వాడ్రను పేరులో హైదరాబాదు చేరినది. విమానాల మీద ఇవి నిజాము కానుక అని ఇంగ్లీషులో వ్రాసినారు. గుంతకల్లు సీమను అప్పటి నిజాము 1800లోనే ఈస్టిండియా కంపెనీకి వదలుకొన్నాడు కనుక ఆ కానుకలో ఈ ఊరి శిస్తు లేదు. కాని నిజాము రాజ్యపు రాబడిలో పెద్దపద్దు భూమిశిస్తు. తెలంగాణ రైతు చెమట అందులో లేదనలేము.

ఆ విమానము పేరు ఎయిర్‌కో డి.హెచ్. 9ఎ. ఇద్దరు కూర్చుండు పగటి బాంబరు. రెక్కల చివరినుండి చివరికి 14.01 మీటర్లు, పొడవు 9.22 మీటర్లు, పూర్తి బరువుతో 2,107 కిలోగ్రాములు. (హ్యాండ్లీ పేజ్ కంపెనీ కట్టిన 'హైదరాబాదు' అను పెద్ద బాంబరు 1925లో దళములో చేరినది. అది వేరు, పేరు చూచి రెండింటిని కలుపరాదు.) 110వ స్క్వాడ్రనుకు చెందిన ఎఫ్ 1010 సంఖ్యగల యంత్రము 1918 అక్టోబరు 5న జర్మనులకు చిక్కినది. బెర్లిను ప్రదర్శనశాలకు చేరి, రెండవ ప్రపంచయుద్ధకాలములో పోలండుకు తరలి, 1977లో ఇంగ్లండుకు తిరిగి వచ్చినది. ఇప్పుడు లండనులోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియములో ఉన్నది.

లండను పోలేని విద్యార్థి ఏమి చూడవలె? భారతదేశములోనే, బికనీరులోని జునాగఢ్ కోటలో, డి.హెచ్. 9 ఒకటి ఉన్నది. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత బ్రిటిషువారు పంచిపెట్టిన వాటిలోనిది. పేరులో ఒక అక్షరము మాత్రమే తక్కువ. నమూనా కట్టువారు కాలు జారు చోటు ఇదే. డి.హెచ్. 9కు ఆరు సిలిండర్ల ప్యూమా ఇంజను. దాని శక్తి 230 గుర్రాలు. ఆ శక్తి చాలక బరువుతో పైకెక్కలేక విమానము బాధపడినది. అందుకని 400 గుర్రాల అమెరికా లిబర్టీ ఇంజనును అమర్చినారు. అందులో పన్నెండు సిలిండర్లు రెండు వరుసలుగా 45 డిగ్రీల కోణములో నిలుచును. దానిని చల్లబరచు రేడియేటరు మోటారుకారుకు వలె ముక్కుమీదనే నిలిచినది. ఇంతవరకు ఫొటో చూచినవారికెల్ల తెలియును; డి.హెచ్. 9 నమూనా ముక్కు కోసి చతురపు ముక్కు అతికించి పని అయినదందురు. కాని బరువు పెరిగినప్పుడు దానిని మోయు రెక్కలు పెరుగవద్దా? డి.హెచ్. 9 రెక్కల వెడల్పు 12.9 మీటర్లు. తేడా మీటరు పైమాటే. 24వ వంతు నమూనాలో నాలుగున్నర సెంటీమీటర్లు. ముక్కు మార్చి రెక్కలు మార్చని నమూనా డి.హెచ్. 9 కాదు, 9ఎ కాదు. అటువంటి యంత్రము ఏ కర్మాగారములోను పుట్టలేదు.

బికనీరు కథలో మరొక పాఠమున్నది. ఆ కోట ఏనుగులశాలలో పడి ఉండిన డి.హెచ్. 9 భాగాలను ఇంగ్లండుకు తీసికొనిపోయి, వాటి ఆధారముతో కట్టిన విమానమొకటి 2019లో ఆకాశమున కెగిరినది. కొయ్యలో చాలా భాగము చెదలపాలైనందున క్రొత్తకొయ్య వేయక తప్పలేదు. ఒక విధముగా అదియు నమూనాయే. ప్రమాణము మాత్రము ఒకటికి ఒకటి. మరమ్మతు చేయు నిపుణులు ఏ ముక్క పాతది, ఏ ముక్క క్రొత్తది అని లెక్క వ్రాసి ఉంచుకొందురు. బల్లమీది చిన్న నమూనాకు ఆ లెక్క ఎందుకుండరాదు? విమానపు లోపలి భాగము ఫొటోలో కనబడనిచో అక్కడ ఊహతో నాలుగు గడియారాలు, రెండు మీటలు పెట్టుట సాధారణమైపోయినది. తెలియనిచోట నల్లరంగు వేసి వదలినవాడే నిజము చెప్పినవాడు.

రెక్కల బట్ట విషయములో పొరపాటు మరీ ఎక్కువ. అసలు రెక్క కొయ్య చట్రము. దానిమీద నారబట్ట తొడిగి, సెల్యులోజు లేపనము పూసినారు. దీనినే డోపు అందురు. అది ఆరునప్పుడు బట్టను లాగి బిగించును. కాని నమూనాలు చూడుడు: చట్రపు పక్కటెముకల నడుమ బట్ట లోతుగా కుంగి, కరువునాటి ఎద్దు డొక్కలవలె కనబడును. అనంతపురం సీమలో ఆ పోలిక ఎవరికీ విప్పి చెప్పనక్కరలేదు. లెక్క వేసి చూచిన ఇది ఎంత అసంభవమో తెలియును. అసలు బట్ట 6 మిల్లీమీటర్లు కుంగినదనుకొన్నను, 24వ వంతులో అది పావు మిల్లీమీటరు. 72వ వంతులో మిల్లీమీటరులో పన్నెండవ వంతు.  మొదట ఎవరో పక్కటెముకలు కనబడవలెనని లోతు పెంచినారు. తరువాతివారు విమానమును చూడక ఆ నమూనాను చూచి చేసినారు.

ఇంత సూక్ష్మముగా చూచు విమర్శకుడు బరువును మరచిపోరాదు. పొడవు 24వ వంతైనప్పుడు రెక్కల వైశాల్యము 576వ వంతు, ఘనపరిమాణము 13,824వ వంతు అగును. అన్ని భాగాలును అవే పదార్థములతో అదే నిష్పత్తిలో చేయగలిగినచో 2,107 కిలోగ్రాముల విమానము 152 గ్రాములు తూగును. అసలు రెక్క వైశాల్యము 45.2 చదరపు మీటర్లు కనుక చదరపు మీటరుకు 46.6 కిలోగ్రాముల భారము. నమూనాలో ఆ భారము 2 కిలోగ్రాములకు లోపే. అందుచేత నమూనా ఎగురవలసిన వేగము 198 కిలోమీటర్లలో 24వ వంతు కాదు. 24కు వర్గమూలముతో, అనగా 4.9తో, భాగించిన గంటకు 40 కిలోమీటర్లు. 24తో భాగించి గంటకు 8 కిలోమీటర్లని పట్టిక వ్రాసి పెట్టినచో ఆ వేగమున ఆ బరువును గాలి మోయదు. 40 కిలోమీటర్లతో పోయినను గాలి అసలు విమానముచుట్టు ప్రవహించినట్లు ప్రవహింపదు. వేగము, పొడవు, గాలి స్నిగ్ధత కలిపి చెప్పు రేనాల్డ్స్ సంఖ్య ఇక్కడ 118వ వంతుకు పడిపోవును. ఆకారము పోలినంత మాత్రాన ప్రవర్తన పోలదు. పదవ తరగతి పిల్లవానికి వర్గము, ఘనము ఎందుకు నేర్పుచున్నారో తెలియజెప్పుటకు ఇంతకంటె మంచి ఉదాహరణము అరుదు.

దీనివలననే బిగింపు తీగల సంగతి తలక్రిందులైనది. అసలు విమానములో ఒక్కొక్క పక్కన రెండు జతల ఊతకర్రలు, వాటినడుమ ఏటవాలు తీగలు. విమానము గాలిలో ఉన్నప్పుడు రెక్కలు పైకి వంగజూచును. క్రింద లోపలినుండి పైన వెలుపలికి పోవు తీగలు దానిని ఆపును. నేలమీద నిలిచినప్పుడు రెక్కలు క్రిందికి జారజూచును. అప్పుడు పని రెండవ ఏటవాలు తీగలది. గాలిలోని భారము ఎక్కువ కనుక ఆ కాలపు విమానాలలో చాలావాటికి మొదటిరకము తీగలు జంటలుగా ఉండెడివి. నమూనాలో ఈ తీగలన్నియు తీసివేసినను రెక్కలు కదలవు. చిన్న వస్తువు తన బరువుతో పోల్చిన చాలా గట్టిది. కనుక చేయువానికి తీగ అలంకారముగా తోచును. అన్నివైపుల ఒకేరకము దారము కట్టి ఊరకుండును. జంట తీగ ఎక్కడ, ఒంటి తీగ ఎక్కడ అని చూచినచో కట్టినవానికి విమానము తెలిసినదీ లేనిదీ బయటపడిపోవును.

గుంతకల్లు గాలి కూడ ఇక్కడ పరీక్షాధికారియే. అనంతపురం ప్రాంతపు సగటు వర్షము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు. వేసవిలో గాలిలో తేమ చాలా తక్కువ. కొయ్య తేమ కోల్పోవునప్పుడు నిలువుకంటె అడ్డముగా ఎక్కువ కుంచించుకొనును. వానకాలములో అతికిన కీళ్ళు వేసవిలో విడుటకు కారణమిదే. జిగురును తిట్టి లాభము లేదు. పురి పెట్టిన నూలుదారము తడికి పొట్టిదై బిగియును, ఎండకు సడలును. తలవెండ్రుక దీనికి విరుద్ధముగా తేమకు సాగును. ఆ గుణముతోనే తేమను కొలుచు పరికరము చేసినారు. ఈ రెండింటికంటె విద్యుత్తు తీగలోని సన్నని రాగిపోగు మేలు. కొయ్యకు దూరము పోనక్కరలేదు. కొండపల్లి, నిర్మల బొమ్మలకు వాడు తెల్లపొణికి తేలిక, చెక్కుటకు లొంగును. పెండ్లి బాసికాలకు వాడు జీలుగు బెండు ఇంకను తేలిక, కాని దానిలో సన్నని అంచు నిలువదు. పక్కటెముకలకు వెదురుచీలిక. పరదేశపు బాల్సా లేనిదే నమూనా కాదనుట అలవాటు చెప్పించు మాట.

ఇంత శ్రద్ధ చేసినవారును సాధారణముగా విడిచిపెట్టునది ఒకటున్నది: ఆ విమానము చేసిన పని. బాంబులు 336 కిలోగ్రాముల వరకు మోసెడిది. ప్రదర్శనలో మాత్రము బొడ్డు క్రింద ఏమియు లేక శుభ్రముగా కనబడును. 1918 సెప్టెంబరు, అక్టోబరులలో 110వ స్క్వాడ్రను జర్మను పట్టణాలమీదికి పోయి తానును చాలా నష్టపడినది. 1920లలో ఈ రకపు విమానాలనే బ్రిటిషువారు ఇరాకులోను, వాయవ్య సరిహద్దు కొండజాతుల గ్రామాలమీదను ప్రయోగించినారు. ఆ వేడి దేశాలలో అదనపు రేడియేటరు ఒకటి తగిలించి, దిగినచోట చక్రము పోయినచో చిక్కగునని పొట్టకు మారుచక్రము కట్టుకొని తిరిగెడివారు. మారుచక్రము చూచుటకు ముచ్చటగా ఉండునని 1918 నాటి హైదరాబాదు స్క్వాడ్రను నమూనాకు కట్టిన, రెండు యుద్ధాలను ఒక్క పటములో కలిపినట్లగును.

నిజాము కానుక అను వ్రాత కూడ ఇట్లే పోవుచున్నది. డబ్బాలలో ఎక్కువగా దొరకు ప్రమాణము 72వ వంతు. అనగా ఆరడుగులకు ఒక అంగుళము. అందులో విమానము వెడల్పు పందొమ్మిదిన్నర సెంటీమీటర్లు, అరచేతిలో ఒదుగును. కాని నాలుగు సెంటీమీటర్ల ఎత్తు అక్షరము అందులో అర మిల్లీమీటరుకు కాస్త పైబడును. కుంచెతో వ్రాయుట బహు కష్టము. 24వ వంతులో అదే అక్షరము మిల్లీమీటరున్నరకు పైగా వచ్చును. సన్నకుంచెతో, ఓపికతో వ్రాయవచ్చును. అప్పుడు రెక్కలు 58 సెంటీమీటర్లకు పోవును, చెప్పుల పెట్టెలో పట్టదు, పాఠశాలకు మోసికొనిపోవుటకు ఇద్దరు కావలె.