విన్నది తిరిగి చెప్పే పెట్టె

వాకీటాకీ డబ్బా మీద 10 కిలోమీటర్లు అని అచ్చేసి ఉంటుంది. చుట్టూ చదును నేల ఉండి, మధ్యలో చెట్టూ గోడా లేకపోతే ఆ మాట నిజమే. వీహెచ్ఎఫ్ తరంగం ఇంచుమించు చూపు ఆనినంత మేరే పోతుంది. యాంటెన్నా ఎన్ని మీటర్ల ఎత్తులో ఉందో చూసి, దాని వర్గమూలాన్ని నాలుగుతో హెచ్చిస్తే ఆ మేర ఎన్ని కిలోమీటర్లో తెలిసిపోతుంది. చేతిలో పట్టుకున్న సెట్టుకు 5, అవతలి మనిషికి ఇంకో 5. అదే సెట్టు చుట్టుపక్కల నేలకు 400 మీటర్ల ఎత్తున గట్టు మీద ఉంటే 80. ఈ లెక్క ఒంటబట్టినవాళ్లు వాట్ల వెంట పడరు. సెట్టు పవర్ నాలుగింతలు చేసినా అవతల సిగ్నల్ బలం చూపే ఎస్-మీటరు మీద పెరిగేది ఒక్క గీతే. అది కూడా మధ్యలో కొండ అడ్డం లేకపోతేనే.

కొండ అడ్డం అంటే ఏమిటో నల్లమలలో నడిచినవాళ్లకు బాగా తెలుసు. శివరాత్రికీ ఉగాదికీ శ్రీశైలం నడిచివెళ్లే భక్తులు ఆత్మకూరు వైపు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు దాటి భీముని కొలను లోయలోకి దిగుతారు. అక్కడి నుంచి మెట్లెక్కితే కైలాస ద్వారం. ఉగాదికి కన్నడ భక్తులు ఇదే దారిన బారులు తీరి వస్తారు. లోయలో సెట్టు పట్టుకుని నిలబడ్డ మనిషికి శ్రీశైలం వైపు నుంచి ఒక్క ముక్క కూడా వినబడదు. పైన కైలాస ద్వారం దగ్గర నిలబడితే మాత్రం ఇటూ వినిపిస్తుంది, అటూ వినిపిస్తుంది. అక్కడ ఒక హామ్ (లైసెన్సున్న అమెచ్యూర్ రేడియో మనిషి) కూర్చుని కింద విన్నది పైకి, పైన విన్నది కిందికి చెబుతూ ఉంటే పని జరిగిపోతుంది. కానీ తెల్లవార్లూ అలా చెప్పే మనిషికి నిద్ర ముంచుకొస్తుంది, అంకెలు తారుమారవుతాయి. ఆ మనిషి చేసే పనినే సింప్లెక్స్ రిపీటర్ చేస్తుంది. హామ్‌లు దీన్ని ప్యారట్ రిపీటర్ అని కూడా అంటారు.

మామూలు రిపీటర్ ఒక ఫ్రీక్వెన్సీలో వింటూ, అదే క్షణంలో ఇంకో ఫ్రీక్వెన్సీలో పలుకుతుంది. రెండు మీటర్ల బ్యాండులో ఆ రెంటికీ మధ్య ఎడం 600 కిలోహెర్ట్జ్. పక్కనే ట్రాన్స్‌మిటర్ మోగిపోతుంటే రిసీవర్ చెవులు చిల్లులు పడకుండా చూడాలి కాబట్టి డ్యూప్లెక్సర్ కావాలి. అంటే పొడవాటి లోహపు గొట్టాలు, వాటిని శ్రుతి చేసే పరికరాలు, ఆ పని తెలిసిన చేయి. ఖర్చంతా అక్కడే. సింప్లెక్స్ పెట్టెకు ఇవేవీ అక్కర్లేదు. ఒకే సెట్టు, ఒకే ఫ్రీక్వెన్సీ. ముందు మీరు చెప్పేదంతా వింటుంది, చిప్పులో దాచుకుంటుంది, మీరు పీటీటీ (మాట్లాడేటప్పుడు నొక్కే మీట) వదిలాక అదే ఫ్రీక్వెన్సీలో తిరిగి వినిపిస్తుంది. అరచేతిలో ఇమిడే ఆ పెట్టె వైరును హ్యాండ్‌సెట్టు మైకు, స్పీకర్ రంధ్రాల్లో గుచ్చితే చాలు. ఒక చవక హ్యాండ్‌సెట్టు, దానికి ఈ పెట్టె, అంతే సరంజామా.

చవకగా వచ్చింది కదా అని గుచ్చేసి వదిలేస్తే మాత్రం పలకదు. ఎక్కువమంది విసిగిపోయి మూల పడేసేది ఇక్కడే. సెట్టులో బ్యాటరీ సేవర్ అని ఒకటి ఉంటుంది. సెట్టును కాసేపు నిద్రపుచ్చి, కాసేపు లేపుతుంది. దాన్ని ఆపకపోతే మొదటి అక్షరాలు మింగేస్తుంది. మీరు 'భీముని కొలను' అంటే అవతల 'ముని కొలను' అని వినిపిస్తుంది. వాల్యూమ్ తక్కువైనా అదే తంతు, గొంతు లేచేదాకా పెట్టె మేలుకోదు. ఎక్కువైతే మాట పగిలిపోయి సకారాలన్నీ బుసకొడతాయి. నేను ఇంకొకరిని దూరంగా నిలబెట్టి, ఊళ్ల పేర్లు, అంకెలు చెప్పించి, తిరిగి వచ్చేది వింటూ వాల్యూమ్ బిరడాను వెంట్రుకవాసి చొప్పున తిప్పుతాను. సరిగ్గా కుదిరిన చోట గోటితో గీత గీసి పెట్టుకుంటాను. మాట ముగియగానే కూసే రోజర్ బీప్ ఆపేయాలి. సెట్టు టైమవుట్ గడువు పెట్టె రికార్డు చేసే నిడివికన్నా ఎక్కువ ఉండాలి, లేకపోతే తిరిగి చెప్పే మాట సగంలో తెగిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యం టోను. మనిషి గొంతుకు కిందన, 88.5 హెర్ట్జ్ లాంటి ఒక సన్నని ధ్వని మాటతోపాటు వెళుతుంది. మనకు వినపడదు, సెట్టుకు తెలుస్తుంది. ఆ టోను ఉంటేనే తలుపు తెరవమని పెట్టెకున్న సెట్టుకు చెప్పాలి. చెప్పకపోతే ఎక్కడి గరగరనో పట్టుకుని పది దిక్కులకూ వినిపిస్తుంది. ఒకే ఫ్రీక్వెన్సీలో, ఒకే టోనుతో రెండు పెట్టెలు ఒకదానికొకటి వినపడే దూరంలో ఉన్నాయా, ఒకరి ముక్కనే అవి బ్యాటరీ అయిపోయేదాకా ఇచ్చిపుచ్చుకుంటూ కూర్చుంటాయి. వినే టోను ఒకటి, పలికే టోను వేరొకటి పెడితే ఆ బెడద ఉండదు.

కబుర్లకు ఈ పెట్టె పనికిరాదు. 20 సెకన్ల మాటకు 40 సెకన్లు పడుతుంది. పెట్టెకు దగ్గరగా ఉన్నవాళ్లు ప్రతి మాటా రెండుసార్లు వినాలి. మొదటిసారి వినగానే తొందరపడి జవాబిస్తే అది తిరుగుమాట మీద పడి రెండూ చెడతాయి. నలుగురు చేరి వాదులాడుకునే చోట దీన్ని పెట్టమని ఎవరైనా అడిగితే వద్దనే చెబుతాను. కానీ కబురు చేరవేయడానికి దీన్ని మించినది నాకు తెలియదు. మామూలు రిపీటర్‌లో మన మాట ఎలా వెళ్లిందో మనకు తెలియదు, అవతలివాళ్లు చెప్పాలి. ఇక్కడ మన గొంతు మనకే తిరిగొస్తుంది, గట్టు మీది సెట్టు ఎలా విన్నదో అలాగే. మైకును నోటికి ఆనించి అరిస్తే ఆ అరుపే వినపడుతుంది. 'అంటే మరి, ఏంటంటే' అని నాన్చితే ఆ నాన్చుడంతా మళ్లీ వినాలి. సెట్టు కొత్తగా పట్టిన కుర్రవాళ్లకు నేను పాఠాలేమీ చెప్పను, పెట్టె ముందు మాట్లాడిస్తాను. కాసేపటికే వాళ్లు పీటీటీ నొక్కి, ఒక ఊపిరి తీసుకుని, కాల్‌సైన్ చెప్పి, 'భీముని కొలను నుంచి. పెద్దాయన కాలు బెణికింది, మెట్లెక్కలేరు. డోలీ పంపండి. ఓవర్' అని ఆపేస్తారు. అది చాలు. డోలీ మోసేవాళ్లకు కావలసినదంతా అందులో ఉంది.

పెట్టెకున్న సెట్టు మాత్రం ఎండలో ఉడికిపోతుంది. చేతి సెట్లు పొద్దస్తమానం పలకడానికి చేసినవి కావు. పవర్ తగ్గించి ఒక వాటుకు తెచ్చి, నీడన పెట్టి, బయటి బ్యాటరీ ఇవ్వాలి. తగ్గిన పవర్‌కు చింతపడనక్కర్లేదు, మన దగ్గర ఎత్తు ఉంది. సెట్టుతో వచ్చే రబ్బరు తోక తీసేసి, 49 సెంటీమీటర్ల రాగి కడ్డీలు ఐదు తెచ్చుకుని, ఒకటి నిటారుగా, నాలుగు కిందికి వాలేలా కనెక్టరుకు టంకం పెట్టి గ్రౌండ్ ప్లేన్ చేసుకోండి. దాన్ని వెదురు బొంగుకు కట్టి నిలబెడితే, డబ్బు పెట్టి కొనే ఎన్నో వాట్ల పని అది చేస్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద పడినప్పుడు సెల్‌ఫోన్లు మూగబోయాయి. అటువంటి రోజున టవరు మీది పెద్ద రిపీటర్ కూడా టవరుతోపాటే పోవచ్చు. సంచిలో వేసుకుని ఏదో ఒక కొండ ఎక్కగలిగిన పెట్టె అప్పుడు అక్కరకొస్తుంది. అందుకే పెద్ద రిపీటర్లు ఉన్న ఊళ్లలోని హామ్‌లు కూడా ఒకటి తెచ్చి, సెట్ చేసి పెట్టుకోవాలని నా కోరిక.

లైసెన్సు సంగతి ముందే తేల్చుకోవాలి. మన దేశంలో రెండు మీటర్ల హామ్ బ్యాండు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్. పరీక్ష రాసి, కేంద్ర టెలికం శాఖ డబ్ల్యూపీసీ విభాగం ఇచ్చే లైసెన్సు చేతికొచ్చేదాకా ఆ బ్యాండులో పీటీటీ నొక్కకూడదు. లైసెన్సు అక్కర్లేని 446 మెగాహెర్ట్జ్ సెట్లు ఉన్నాయి కదా అంటారు. ఆ మినహాయింపు తక్కువ పవర్‌తో దగ్గర దూరం మాట్లాడుకునేవాటికే, గట్టు మీద ఎత్తి కట్టడానికి కాదు. హైదరాబాద్‌లో 1983 నుంచి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో ఉంది, మనవాళ్లకు దారి చూపే చోటు అది. పెట్టెను గట్టున వదిలేసి వచ్చేయకండి, దాని పక్కన లైసెన్సున్న హామ్ ఒకరు ఉండాలి. అది పలికే ప్రతి మాటకూ జవాబుదారు ఆయనే.

భీముని కొలను నుంచి పెచ్చెరువు వైపు మలుపుల్లో, మేం కైలాస ద్వారం దగ్గర పెట్టే పెట్టెకు కూడా అందని జాగాలు ఉన్నాయి. ఈసారి అటువైపు గుట్ట మీద రెండో పెట్టె పెట్టి, మొదటిది పలికే టోను రెండోది వినేలా కలపాలని చూస్తున్నాం. ఎదురు దిక్కున తిరిగి పలకకుండా టోన్లు ఎలా జత చేయాలన్నదే ఇంకా తేలలేదు. అలా కట్టి చూసినవాళ్లు మీలో ఉంటే రాయండి.